సముద్రం లేని ఊళ్ళో అలలు

2018 నవంబరు 11, ఆదివారం, మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవై నిమిషాలు. జపాను కొండల్లోని యొనెజావాలో, పులియబెట్టిన సోయా ముద్ద మిసో అమ్మే నగనుమా వారి దుకాణం వెనకగదిలో, సెత్సుకో చాప మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, ఒళ్ళో ఉన్న పొడవాటి పట్టుసంచి ముడి విప్పింది. సంచిలోంచి కొయ్య ఒర, ఒరలోంచి కత్తి బయటికి వచ్చాయి. మిసో పీపాల పులిసిన వాసనలో లవంగ నూనె వాసన సన్నగా కలిసింది.

నగనుమా ఎయికిచి ఆ కత్తిని రెండు చేతులతో అందుకుని, తల వంచి, పిడిలోని వెదురు మేకును చిన్న ఇత్తడి సుత్తితో తట్టి తీశాడు. పిడి ఊడింది. పిడి లోపల దాగి ఉండే తుప్పుపట్టిన ఇనప మొదలు, దాని మీద ఉలితో చెక్కిన కమ్మరి పేరు బయటపడ్డాయి. ఆయన ఆ పేరు వైపు చూడలేదు. తెల్లని నూలుగుడ్డతో మొదలంతా చుట్టి దారంతో కట్టాడు. ముడి వదులైందని విప్పి మళ్ళీ కట్టాడు.

"ఇంకోసారి ఆలోచించుకోండి సెత్సుకో గారూ. మేడ మీదికి వెళ్ళాక ఇది మీ ఇంటి కత్తి కాదు. మూడు కత్తుల్లో మూడోది, అంతే."

"ఆలోచించే తెచ్చాను."

"ఆయన గుర్తుపడితే?"

"గుర్తుపడితే నాకంటే సంతోషించేది ఎవరు? ఈ మధ్య ఆయన దేన్ని గుర్తుపట్టారు గనక!"

"గుర్తుపట్టకపోతే?"

సెత్సుకో ఖాళీ అయిన సంచిని నాలుగు మడతలు పెట్టి, నడికట్టులో దోపుకుంది.

"అప్పుడు ఆయన కళ్ళు ఏం చెబితే అదే."

భర్త కళ్ళ మీద ఆమెకున్న నమ్మకం యాభై ఏళ్ళ నాటిది. ఇమాయిజుమి తేయిజి చదివింది రసాయన శాస్త్రం. పనిచేసింది పట్టు నేత కార్ఖానాలోని రంగుల గదిలో. నిన్న వేసిన రంగూ నేడు వేసిన రంగూ ఒకటేనా కాదా అని చెప్పడమే ఆయన ఉద్యోగం. సెత్సుకో అదే కార్ఖానాలో మగ్గం మీద కూర్చునేది. పెళ్ళికి ముందు ఒకనాడు ఆమె రెండు పట్టుదారపు చిలపలు పట్టుకుని రంగుల గదికి వెళ్ళింది.

"ఇది మొన్నటి రంగు కాదండీ. పడుగులో చార పడుతోంది."

తేయిజి వాదించలేదు. రెండు చిలపలకూ కట్టి ఉన్న అంకెల కాగితాలు తెంపి జేబులో వేసుకున్నాడు. చిలపలను వీపు వెనక చేతులు మార్చి, ఆమెను ఉత్తరపు కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళాడు. రంగులు చూడవలసింది ఉత్తరపు వెలుతురులోనే. అందులో ఎండ పసుపు కలవదు.

"ఇప్పుడు చెప్పండి. ఏది మొన్నటిది?"

ఆమె చూపించింది. ఆయన ఆ చిలపనూ రెండోదాన్నీ చాలాసేపు చూసి, తల వంచాడు.

"మీ మాటే నిజం. తొట్టి మళ్ళీ కలుపుతాను. కాగితం మీద అంకె ఉంటే కన్ను దాని మాటే వింటుంది. అందుకని తెంపేశాను."

వాళ్ళిద్దరికీ పెళ్ళిచూపులంటూ ఏవైనా జరిగాయంటే అవే.

నగనుమా దుకాణం మేడ మీద ప్రతి నెలా రెండో ఆదివారం కూడే కత్తుల బృందంలో తేయిజి చేరడానికి కారణం కూడా ఇదే అయి ఉండాలి. అక్కడి పద్ధతి రంగుల గది పద్ధతే. మూడు పాత కత్తులను, పేరు చెక్కిన మొదలు కనిపించకుండా గుడ్డ చుట్టి, దీపం కింద వరసగా పెడతారు. ఒక్కొక్కరూ వంగి నమస్కరించి, కత్తిని చేతిలోకి తీసుకుని, ఒంపు చూసి, ఇనుము చూసి, ఎర్రగా కాలిన కత్తి అలుగును నీళ్ళలో ముంచినప్పుడు అంచు వెంట పడిన తెల్లచార చూసి, చేసినవాడి పేరు చీటీ మీద రాసి బృందం పెద్ద అయిన నగనుమాకు అందిస్తారు. పెద్ద ఆ చీటీ మీదే జవాబు రాసి ఇస్తాడు: "తగిలింది", ఆ కమ్మరి వంశం వరకే సరిపోతే "అదే ఇల్లు", ప్రాంతం వరకే సరిపోతే "దారి సరే", లేకపోతే "కాదు". ఒక్కో కత్తికి మూడు చీటీల దాకా వేయవచ్చు. మొదటి చీటీకే తగిలితే ఇరవై, రెండోదానికి పదిహేను, మూడోదానికి పది. చివరికి గుడ్డలు విప్పి పేర్లు అందరికీ చూపిస్తారు. తేయిజి యాభై అయిదు దాకా చాలాసార్లు వెళ్ళాడు. అరవై ఎన్నడూ రాలేదు.

బృందంలోని మిగతావాళ్ళు కత్తులు కొనేవారు, మార్చుకునేవారు, పోట్లాడుకునేవారు. తేయిజి ఒక్కటీ కొనలేదు. ఆయనకు ఒకే ఒక్కడి కత్తి కావాలి. మూడు వందల యాభై ఏళ్ళ కిందట ఒసాకాలో సుకెహిరో అనే కమ్మరి అంచు వెంట తెల్లచారను సముద్రపు అలల్లా పొర్లించాడు. చిన్న అల, చిన్న అల, వాటిని మింగే పెద్ద అల. వాటి మీద మంచు నూకల్లా మెరిసే కణాలు. తేయిజి వాటి గురించి మాట్లాడితే, ఎదురుగా ఉన్న అన్నం చల్లారిపోయేది.

1987లో సెందాయి నుంచి కబురు వచ్చింది. చనిపోయిన ఒక వైద్యుడి ఇంట్లో ఆ కత్తి ఉందట. తేయిజి రైల్లో వెళ్ళాడు. వైద్యుడి భార్య మర్యాదగల మనిషి. అతిథికి శ్రమ ఎందుకని పిడి ముందే తీయించి, పేరు అతిథికి ఎదురుగా ఉండేలా కత్తిని ఎర్రటి గుడ్డ మీద పెట్టి ఉంచింది. తేయిజి తలుపు జరిపి లోపలికి అడుగు పెట్టగానే మొట్టమొదట చూసింది ఆ పేరు. అప్పుడే కళ్ళు మూసుకుని, "అమ్మా, ముందు గుడ్డ కప్పండి" అనవలసింది. అనలేదు. ఆ తర్వాత అలుగు చూశాడు, అలలు కనిపించాయి. ఇనుము చూశాడు, ఒసాకా ఇనుములానే కనిపించింది. తిరిగి వచ్చి సెత్సుకోతో, "దొరికింది" అన్నాడు.

ఆ కత్తిని ఇంటికి తేవడానికి వాళ్ళు ఇంట్లోంచి పంపేసిన వాటిలో సెత్సుకో సొంత చేతిమగ్గం ఒకటి. ఆ మాట మొదట అన్నది ఆమే.

"నా భుజాలు ఎలాగూ అరిగిపోయాయి. ఉంచి ఏం చేసుకుంటాను?"

భుజాలు అరిగిపోలేదు. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మగ్గం బండి ఎక్కే ముందు దాని మీద చివరగా ఒక గుడ్డ నేసింది. పట్టును ఆయన ముందు కుసుమపువ్వు ఎరుపులో, తర్వాత నీలిమందులో ముంచాడు. రెండూ కలిసి, వానకు ముందు కొండల మీద కనిపించే ఊదారంగు దిగింది. ఆ గుడ్డతో కత్తికి సంచి కుట్టింది. మగ్గం ఉండే చోట నాలుగు కాళ్ళ గుర్తులు చాప మీద చాలాకాలం మిగిలాయి. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ గదిలోకి ఇంకేదీ రాలేదు, కత్తి తప్ప.

తర్వాతి రెండో ఆదివారం కత్తిని మేడ మీదికి తీసుకెళ్ళారు. చీటీలకు కాదు, చూపించడానికి. పేరు విప్పి పెట్టారు. సెత్సుకో ఆ రోజు టీ ఇవ్వడానికి వెళ్ళింది. అందరూ వంగి చూశారు. మంగలి హోషి మొదట నోరు విప్పాడు.

"అబ్బ! సంచి చూడండయ్యా. ఈ రంగు యొనెజావా మొత్తంలో ఇంకోటి ఉందా?"

సంచి చేతులు మారింది. నగనుమా దాని అంచు తిప్పి చూసి, "పేక ఎంత దగ్గరగా కూర్చుందో! దీపానికి అడ్డం పెడితే వెలుగు రాదు" అన్నాడు. ఇంకొకాయన ఒర చెక్కను మెచ్చుకున్నాడు. సెత్సుకో చెవులు వేడెక్కాయి. తలవంచుకుని టీ పోసింది. ఆ మెప్పు ఆమెకు ముప్ఫై ఒక్క ఏళ్ళు సరిపోయింది. మగ్గం గుర్తుకు వచ్చినప్పుడల్లా ఆ మధ్యాహ్నాన్ని తీసి చూసుకునేది.

ఏడాదికోసారి ఆ కత్తిని గోడగూట్లో పెట్టేవారు. నెలనెలా తేయిజి పాత నూనె మెత్తటి కాగితంతో తుడిచి, లవంగ నూనె కొత్తగా పట్టించేవాడు. తన తర్వాత అది ఊరి మ్యూజియానికి వెళ్ళాలని బృందం అందరి ముందూ చెప్పాడు.

మూడేళ్ళ కిందట ఆయన నూనె పట్టిస్తూ, చేస్తున్నది ఏమిటో మరిచిపోయి, అలుగును పిడికిలితో పట్టుకున్నాడు. చెయ్యి మానింది. అప్పటి నుంచి నూనె పట్టించే పని సెత్సుకోది అయింది. మొదలు నుంచి మొన వైపు, పదునైన అంచు అవతలికి ఉండేలా. ఆయన నేర్పినట్టే చేసేది. ఆయన పక్కనే కూర్చుని చూసేవాడు. ఒక్కోసారి ముగిశాక లేచి, బట్టలు సర్దుకుని, "చాలాసేపు కూర్చున్నానండీ, మా ఇంట్లో ఎదురుచూస్తారు" అని ఆమెకు నమస్కారం పెట్టేవాడు.

చిత్రమేమిటంటే రెండో ఆదివారాలు మాత్రం తప్పలేదు. పొద్దున తిన్నది గుర్తుండని మనిషి, కత్తి చేతికిస్తే ఏ శతాబ్దంలో, ఏ ఊళ్ళో పుట్టిందో చెప్పేవాడు. హోషి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి దింపేవాడు.

ఈ అక్టోబరులో మ్యూజియం నుంచి ఒకాయన వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు. కత్తి తీసుకోవడం వాళ్ళకు గౌరవం. అయితే టోక్యోలోని నిపుణుల దగ్గరికి ముందుగా పంపి, ఫలానా వారి పని అని ధ్రువపత్రం తెప్పిస్తే మంచిది. సెత్సుకో మరునాడే నగనుమా దుకాణానికి వెళ్ళింది.

"టోక్యో పంపాలి. పెట్టె ఎలా కట్టాలో మీరే చెప్పాలి."

నగనుమా మిసో తూచే చెక్క గరిటె పక్కన పెట్టాడు. "టోక్యోకా? చలికాలంలో ఎందుకండీ? దారిలో తేమ…"

"డిసెంబరు లోపల అడిగారు."

"పంపినా సంచితో పంపకండి. అంత మంచి నేత నలిగిపోతుంది. ఆ రోజు మేమంతా ఆ సంచిని చూసి…"

ఆయన ఆగాడు. సెత్సుకో చేతిసంచి పిడి గట్టిగా పట్టుకుంది. తేయిజికి మాట బాగా వచ్చే రోజుల్లో, ఎవరింట్లోనో కత్తి చూసి వచ్చి చెప్పులు విడుస్తూ, "ఇవాళ ఒర చాలా బాగుందని చెప్పి వచ్చాం" అనేవాడు. ఆమె నవ్వేది. దాని అర్థం ఆమెకు తెలుసు. చెక్కిన పేరు దొంగపేరైతే, ఆ మాట యజమాని ముఖాన అనడం ఈ మనుషుల్లో లేదు. ఒరను మెచ్చుకుంటారు. పెట్టెను మెచ్చుకుంటారు. తోటలో పూలను మెచ్చుకుంటారు. పేరు ఎత్తరు. ఎత్తలేదని యజమానికి ఎప్పుడో ఒకప్పుడు తడుతుంది. తట్టకపోతే లేదు.

"మీలో ఎవరూ ఆ రోజు పేరు ఎత్తలేదు," అంది సెత్సుకో.

నగనుమా గరిటె మీది మిసోను వేలితో చదును చేశాడు.

"అందరికీ తెలుసా?"

"ఆ రోజు ఆయన మొహం మీరు చూడలేదు, మీరు టీ పోస్తున్నారు. వచ్చే నెల చెబుదాం అనుకున్నాం. వచ్చే నెలకి ఇంకా కష్టమైంది. ఆ తర్వాత ఇక ఎలా చెబుతాం?"

"మరి ఎవరిది ఆ కత్తి?"

"నేను చెప్పనండీ. నా కళ్ళు తప్పు కావచ్చు. మిసో అమ్ముకునేవాణ్ణి. ఈ ఊళ్ళో కళ్ళున్నది ఆయనకే."

"అయితే ఆయన్నే అడుగుదాం. గుడ్డ చుట్టి."

నగనుమా తల ఎత్తాడు. "ఆయన కత్తిని ఆయనకే? అది మోసం కదమ్మా."

"పేరు కప్పి చూపించడం మోసమైతే మీ బృందం ఎందుకు? ఆ కత్తిని ఆయన ఒక్కసారి కూడా అలా చూడలేదు. ఆయన సుకెహిరో అని రాస్తే, మీరంతా ఏమనుకున్నా సరే, పెట్టె కట్టి టోక్యో పంపుతాను. రాయకపోతే పంపను. ఆయన్ని ఊరి నోట్లో పడనివ్వను."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఒక్క మాట. నా కోసమని చీటీ మీద అబద్ధం రాయకండి" అంది.

ఆ విధంగా నవంబరు రెండో ఆదివారం, గుడ్డ చుట్టిన కత్తి మేడ మీద మూడో స్థానంలో పడుకుంది. సెత్సుకో తలుపు పక్కన కెటిల్ దగ్గర కూర్చుంది. కిటికీ అవతల పెరట్లో చెట్లకు మంచుకాలం కోసం గడ్డితాళ్ళు కట్టి ఉన్నాయి. మెట్ల మీద హోషి గొంతు ముందు వినిపించింది.

"కాలెత్తు, కాలెత్తు. అదీ! గురువుగారు వేంచేశారు, లేవండయ్యా. నిన్న నా దుకాణంలో గడ్డం గీయించుకుని వెళ్ళి, గంటలో మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గీయడానికి ఏమీ లేదురా అంటే, 'మరి కత్తి నూరడం ఎందుకు?' అంటాడు!"

తేయిజి కూడా నవ్వాడు. సెత్సుకోను చూసి మర్యాదగా వంగాడు. "మీరూ వచ్చారా? ఎక్కడో చూశాను మిమ్మల్ని."

"చూడకేం!" అన్నాడు హోషి. "యాభై ఏళ్ళ నుంచి నీకు అన్నం వడ్డిస్తోందిరా."

సెత్సుకో నవ్వింది. ఆమె నవ్వితే తప్ప మిగతావాళ్ళు నవ్వలేరు. అందుకని ముందుగా నవ్వింది.

మొదటి కత్తి బిజెన్ సీమలోది, ఆరు వందల ఏళ్ళ పాతది. తేయిజికి మొదటి చీటీకే తగిలింది. రెండోది మినో సీమలోది. ఇద్దరు ముగ్గురు దారి తప్పారు. హోషికి రెండుసార్లు "కాదు" అని వచ్చింది.

"షావుకారూ, ఇంకోసారి కాదంటే నీ గడ్డం సగమే గీస్తాను."

"సగం గీసినా నీ చీటీ తప్పే," అన్నాడు నగనుమా. తేయిజికి మళ్ళీ మొదటి చీటీకే తగిలింది.

మూడో కత్తి. హోషి ముందు అందుకున్నాడు. దీపం వైపు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మెల్లగా కత్తిని యథాస్థానంలో పెట్టి, నగనుమా వైపు, ఆపైన సెత్సుకో వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. హోషి ఖాళీ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, "ఇవాళ నా కళ్ళు మసకగా ఉన్నాయి" అన్నాడు. తర్వాతివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కత్తి ఎత్తి, దించి, చీటీ వేయకుండా వెనక్కి జరిగారు.

"ఏమిటిది?" అన్నాడు తేయిజి. "అందరికీ ఒకేసారి కళ్ళు పోయాయా?"

ఆయన మోకాళ్ళ మీద ముందుకు జరిగి నమస్కరించాడు. కత్తిని ఎత్తి నిటారుగా పట్టుకుని ఒంపు చూశాడు. తర్వాత దీపం కింద వాల్చాడు. సెత్సుకోకు ఆ అలుగు మీద ప్రతి అంగుళం తెలుసు. మొన దగ్గర సన్నని గీత ఉంది. నూనె అక్కడ నిలుస్తుంది. ఆయన చూపు ఆ గీత దగ్గరికి వచ్చి, ఆగకుండా దాటిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చాడు. ఇనుమును చూశాడు. ఒకసారి దీపం వదిలి, ఉత్తరపు కిటికీ వైపు తిప్పి చూశాడు. అప్పుడు ఆయన పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది.

గుర్తుపట్టారు, అనుకుంది సెత్సుకో. ఆమె చెయ్యి నడికట్టులోని సంచిని తాకింది.

ఆయన కత్తిని దించి, చీటీ మీద ఆగకుండా రాసి, నగనుమాకు అందించాడు. నగనుమా చదివాడు. కలం తీసుకున్నాడు. కలం సిరాలో ముంచి, ఎత్తి, మళ్ళీ ముంచాడు. తల ఎత్తి సెత్సుకో వైపు చూశాడు. ఆమె రాయండి అన్నట్టు మెల్లగా తల ఆడించింది. నగనుమా జవాబు రాసి చీటీ తిరిగి ఇచ్చాడు.

"తగిలింది," అని చదివాడు తేయిజి, పెద్ద ఆశ్చర్యమేమీ లేకుండా. "యొనెజావా తొషిసదా. తగలకేం? ఇంత తేలికైన కత్తికి చీటీ వేయరా మీరు? మన ఊరివాడి పని! కోట వెనక వీధిలో ఉండేవాడు. మీ తాతల ఇళ్ళల్లో ఇలాంటివి పదేసి ఉండేవి."

చీటీ తగిలినవాడు కారణం చెప్పాలన్నది నియమం. ఆయనకు ఆ నియమం గుర్తుంది. గొంతు సవరించుకున్నాడు. రంగుల గదిలో కొత్తవాళ్ళకు పాఠం చెప్పే గొంతు అది. సెత్సుకో దాన్ని విని చాలాకాలమైంది.

"ఒసాకా సుకెహిరో అని పొరపడేలా చేశాడు. చెయ్యి మంచిదే. కానీ ఇనుము చూడండి. అద్దంలా నున్నగా ఉంది, పొరలు కనిపించవు. అంటే సుకెహిరో పోయి నూట యాభై ఏళ్ళు దాటాక చేసింది. ఇక అలలు. బాగున్నాయి. అయితే ఈ అల దాని ముందు అలని చూసి పుట్టింది, ఆ ముందుది ఇంకో ముందుదాన్ని చూసి. సుకెహిరో సముద్రం ఒడ్డున బతికాడు. వీడు సముద్రం బొమ్మ చూశాడు." నవ్వాడు. "పాపం, వాడి తప్పేముంది? చుట్టూ కొండలు. యొనెజావాలో సముద్రం ఎక్కడిది?"

హోషి కిటికీ వైపు తిరిగి ముక్కు గట్టిగా తుడుచుకున్నాడు.

"గుడ్డ విప్పవేం ఎయికిచీ?" అన్నాడు తేయిజి.

నగనుమా కదలలేదు. తేయిజి ఆయన్ని చూశాడు, కత్తిని చూశాడు, వెనక్కి జరిగి కూర్చున్న మనుషులందరినీ చూశాడు. ఆయన మొహంలో ఏదో అర్థమైన జాడ కనిపించింది. గొంతు తగ్గించాడు.

"ఓ. దొంగపేరా? అయితే విప్పకు. యజమాని ఇక్కడే ఉన్నాడేమో, నొచ్చుకుంటాడు. నేనే తొందరపడి వాగాను." ఆయన కంగారుగా చుట్టూ చూశాడు, ఆ కనిపించని యజమానికి క్షమాపణగా చెప్పడానికి ఒక మంచి మాట వెతుక్కుంటూ. ఒర ఎక్కడా లేదు. పెట్టె లేదు. "దీనికి సంచి లేదా?"

సెత్సుకో నడికట్టులోంచి సంచి తీసి, మడతలు విప్పి, రెండు చేతులతో అందించింది.

"ఆహా!" అన్నాడు తేయిజి. "సంచి చాలా బాగుంది. ఎంత బాగుందో!" ఆ మాట మర్యాదకే మొదలైంది. తర్వాత ఆయన లేచి, సంచిని ఉత్తరపు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వేళ్ళ మధ్య తిప్పాడు. "ఇది కుసుమపువ్వు. మీద నీలిమందు. రెండోసారి ముంచినప్పుడు తొట్టి కాస్త చల్లారింది, చూడండి, అంచుల్లో ఎరుపు మిగిలింది. ఎవరు నేశారు?"

"నేనేనండీ," అంది సెత్సుకో.

"మీరా? మంచి చెయ్యి. పేక ఎంత దగ్గరగా కూర్చుందో! ఇప్పటికీ నేస్తున్నారా?"

"లేదండీ. మగ్గం ఇచ్చేశాం."

"అయ్యో. ఇలాంటి చెయ్యి పెట్టుకుని మగ్గం ఎందుకిచ్చారు?"

గదిలో ఉన్న ప్రతివాడూ చాప వైపు చూశాడు.

"ఇల్లు ఇరుకైంది," అంది సెత్సుకో.

ఆయన బాధగా తల ఊపి, సంచిని జాగ్రత్తగా మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆమె కత్తి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆయన పట్టుకున్న చోట వేలిముద్ర పడిందేమోనని వంగి చూసి, మెత్తటి కాగితం తీసి, మొదలు నుంచి మొన వైపు, అంచు అవతలికి, ఒక్కసారి తుడిచింది. లవంగ నూనె పట్టించింది. గుడ్డ విప్పకుండానే దాన్ని, కింది గదిలోంచి తెప్పించిన కొయ్య ఒరలో పెట్టి, పట్టుసంచిలోకి దించి ముడి వేసింది.

"టోక్యో పెట్టె వద్దు నగనుమా గారూ," అంది. "మ్యూజియం వారికి నేనే వెళ్ళి చెబుతాను. ఆయన మనసు మార్చుకున్నారని చెబుతాను."

నగనుమా చాప మీద నుదురు ఆనేలా వంగాడు. తేయిజి టీ గిన్నె రెండు చేతుల మధ్య పట్టుకుని, ఆవిరి వైపు చూస్తూ, ఎవరినీ ఉద్దేశించకుండా, "ఇవాళ చాలా మంచి కత్తులు చూశాం" అన్నాడు.

హోషి లేచాడు. ప్రతి నెలా చేసినట్టే గోడ మీది నల్లబల్ల తుడిచి, ఒక్కొక్క పేరూ రాసి, పక్కన మార్కులు వేశాడు. ఇమాయిజుమి తేయిజి పేరు చివర రాశాడు. సుద్దముక్క విరిగింది. వంగి, విరిగిన ముక్క ఏరుకుని వేశాడు:

60